విరామం తరువాత ఆల్బమ్ చేస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పదేళ్ళకు పైగా మూసి ఉంచిన స్టూడియో తెరిచి, నువ్వూ నీ జోడీదారూ కొత్త ఎలక్ట్రానిక్ ఆల్బమ్ మొదలుపెట్టారని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సలహా అడిగావు కనుక మనసులో ఉన్నమాట చెబుతున్నాను. పాత శబ్దాన్ని తిరిగి తేవాలని తాపత్రయపడకండి. ఆ శబ్దాన్ని పుట్టించిన పనితీరును తిరిగి అలవాటు చేసుకోండి.

ముందుగా వాద్యాల సంగతి చూడు. ఏళ్ళ తరబడి పక్కన పడి ఉన్న సింథసైజర్‌కు కరెంటు ఇచ్చేముందు, దాని పవర్ సప్లైనీ కెపాసిటర్లనూ పని తెలిసినవారికి చూపించు. 1980ల నాటి వాద్యాలు చాలావాటిలో మనం దాచుకున్న ప్యాచ్‌లను, అంటే తయారుచేసుకున్న శబ్దాల అమరికలను, కాపాడేది లోపలి చిన్న బ్యాటరీయే. అది అయిపోతే అవన్నీ చెరిగిపోతాయి. నాకు సరిగ్గా అదే జరిగింది. ఒకప్పుడు నా పాటలన్నిటికీ ఆధారమైన బేస్ శబ్దం ఆ వాద్యంలోనే ఉండేది, ఆన్ చేస్తే తెరపై అర్థంలేని అక్షరాలు తప్ప మరేమీ కనిపించలేదు. రెండు రోజులు దిగులుపడ్డాను. మూడోనాడు మూల స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్ ఒకే ఒక్కటి తీసుకుని, దాని పదునును తగ్గించే ఫిల్టర్‌ను బాగా దించి, శబ్దం ఎలా మొదలై ఎలా ఆగాలో నిర్ణయించే ఎన్వలప్‌ను కొద్దికొద్దిగా సవరిస్తూ కూర్చుంటే, సాయంత్రానికి తయారైన శబ్దం పాతది కాకపోయినా నాదేనని వినగానే తెలిసింది, ఎందుకంటే ఫిల్టర్‌ను ఎక్కడ ఆపాలో నా చెవి మరిచిపోలేదు.

పెద్దవాళ్ళు కూడా ఈ దారినే నడిచారు. 1986 ఆల్బమ్ తరువాత జర్మనీకి చెందిన ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వెర్క్ పూర్తిగా కొత్త ఆల్బమ్ ఇచ్చింది 2003లో. నడుమ 1991లో వచ్చినవి పాత పాటలకు కొత్త రూపాలే. 2003 ఆల్బమ్‌కు వాళ్ళు ఎంచుకున్న విషయం టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం. 1983లోనే దాని మీద, మనిషి ఊపిరి చప్పుడును లయగా మలిచి, ఒక పాట చేశారు. ఇరవై ఏళ్ళలో పరికరాలన్నీ మారిపోయినా, శరీరాన్ని యంత్రంలా, యంత్రాన్ని శరీరంలా వినే ఆ చెవి మాత్రం మారలేదు, ఈసారి గుండె చప్పుడునూ పాటలోకి తెచ్చుకుంది. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన సంగీత జంట డాఫ్ట్ పంక్ మరో విధంగా చేసింది. శాంపిళ్ళతో, అంటే పాత రికార్డుల ముక్కలతో పాటలు కట్టి, పేరు తెచ్చుకున్న ఆ ఇద్దరూ వాద్యకారులను స్టూడియోలో కూర్చోబెట్టి వాయింపించుకున్నారు; ఎలక్ట్రానిక్ డిస్కో సంగీతానికి పేరుపడిన నిర్మాత జార్జియో మొరోడర్ తన జీవితం గురించి చెప్పిన మాటలను వేర్వేరు దశాబ్దాల నాటి మైకులతో రికార్డు చేశారు. ఆ తేడా ఎంతమందికి వినిపిస్తుందన్నది కాదు, పని చేసేవారికి వినిపించాలి. నేను నీ దగ్గర ఆశిస్తున్నది ఆ శ్రద్ధనే.

పాత హార్డ్ డిస్కుల్లోని ప్రాజెక్టులు తెరుచుకోకపోవచ్చు, ఆనాటి ప్లగిన్లు (వాద్యాలుగా, ఎఫెక్టులుగా పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఇప్పటి కంప్యూటర్లలో నడవకపోవచ్చు. తెరుచుకున్న ప్రతిదాన్నీ ట్రాకుల వారీగా, మొదటి సెకను నుంచీ, మామూలు ఆడియో ఫైళ్ళుగా దించి రెండు చోట్ల భద్రపరచు. అయితే వాటిని ముందు పెట్టుకుని ఆల్బమ్ కట్టకు. సగంలో ఆగిన పాట సాధారణంగా ఏదో కారణం వల్లే ఆగి ఉంటుంది.

ఇక మాస్టరింగ్, అంటే పూర్తయిన పాటకు చివరి మెరుగులు దిద్దడం. మీరు విరామం తీసుకున్నప్పుడు పక్కవారికన్నా బిగ్గరగా వినిపించడమే గొప్పగా ఉండేది. ఇప్పుడు స్పాటిఫై వంటి సేవలు సుమారు మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు పాటలన్నిటినీ సమం చేస్తున్నాయి కనుక, శబ్ద శిఖరాలను అణిచే లిమిటర్‌తో నొక్కి పెంచిన పాట తగ్గి వినిపిస్తుంది, అందులోని డ్రమ్ దెబ్బ చచ్చిపోయి ఉంటుంది. ఆ దెబ్బను బతకనివ్వు.

మొదటి మూడు పాటల రఫ్ మిక్సులు తయారవగానే, లిమిటర్ వేయకుండా నాకు పంపించు. నేను హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, స్పీకర్ల మీద ఒకసారి విని, వారంలోగా నీకు ఉత్తరం వ్రాస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య