మోకాలిని అడుగు, మైకు సంగతి తర్వాత

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన కాగితాలూ చూశాను. ఎంఆర్ఐ రిపోర్టు, క్లబ్బు వారి ఒప్పంద ముసాయిదా, టీవీ ఛానెల్ వారి కబురు, మూడూ అందాయి. మీ అమ్మ ఫోనులో చెప్పిన తీరు చూసి నువ్వేదో పెద్ద కష్టంలో పడ్డావనుకున్నాను. తీరా చూస్తే 34 ఏళ్ల వయసులో, మోకాలికి ఆపరేషన్ అయిన మనిషికి రెండు చోట్ల నుంచి పిలుపు! మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతికినవాళ్లలో చాలామందికి ఆ వయసులో పలకరించే దిక్కు ఉండదు. ముందు ఆ దిగులు కట్టిపెట్టు.

"ఆడమంటావా, వ్యాఖ్యానం చెప్పుకోమంటావా?" అని అడిగావు. అది ఒక ప్రశ్న కాదు, మూడు ప్రశ్నలు. ఆడగలవా లేదా అన్నది మోకాలు చెప్పాలి. నువ్వు ఆడితే ఎవరికి ఉపయోగం అన్నది జట్టు చెప్పాలి. మైకు ముందు రాణిస్తావా అన్నది ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, నువ్వు కూడా పరీక్షించుకోలేదు. మూడింటినీ కలగలిపి బుర్ర పాడుచేసుకుంటున్నావు.

మోకాలి సంగతి ముందు. మోకాలి కీలును పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగి, దాని చోట తొడ వెనుక స్నాయువు తీసి వేసి ఏడు నెలలైంది. నొప్పి లేదనీ, మైదానం చుట్టూ హాయిగా పరుగెత్తుతున్నాననీ రాశావు. నొప్పి లేకపోవడం దేనికీ గుర్తు కాదు. వేసిన ముక్క అసలైన లిగమెంటులా గట్టిపడడానికి చాలా నెలలు పడుతుంది, అది నొప్పితో నిమిత్తం లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. తొమ్మిది నెలలు నిండకుండా పోటీ మ్యాచ్ ఆడవద్దని వైద్యులు ఊరికే అనరు. తిన్నగా పరుగెత్తడం వేరు, పాదం నేలలో దిగబడి ఉండగా నడుము తిప్పి బంతి అందుకోవడం వేరు. నువ్వు ఆడే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్ స్థానంలో చేసేదంతా ఆ రెండో పనే. ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల బలం కొలిపించుకో, ఒంటికాలి గెంతు పరీక్షలు చేయించుకో. బాగున్న కాలి బలంలో కనీసం 90 శాతం రావాలంటారు. అయితే ఇక్కడ ఒక మోసం ఉంది. ఇన్ని నెలలు ఆట లేక ఆ బాగున్న కాలు కూడా బలహీనపడి ఉంటుంది. బలహీనపడ్డ కాలితో పోల్చుకుని 90 శాతం వచ్చిందని సంబరపడకు. గాయానికి ముందు క్లబ్బులో తీసిన కొలతలు ఉంటే తెప్పించుకో. ఇంకొకటి, రిపోర్టులో మెనిస్కస్, అదే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, కొంత కత్తిరించినట్టు రాశారు. దాన్ని గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. యాభై ఏళ్లకు మెట్లెక్కేటప్పుడు గుర్తొచ్చేది అదే. సర్జన్‌ను ఆ విషయం సూటిగా అడుగు.

స్పెయిన్ ఆటగాడు సాంతీ కాసోర్లా కథ రాసి, అతనికి సాధ్యమైతే నాకెందుకు కాదన్నావు. గొప్ప కథే, కాదనను. 2016లో ఆర్సెనల్‌కు ఆడుతూ ఆగిపోయాడు. చీలమండకు ఇన్ఫెక్షన్ సోకి అకిలెస్ స్నాయువును చాలా మేర తినేసింది. చేతి మీద పచ్చబొట్టు ఉన్న చర్మాన్ని తీసి కాలికి అతికారు. కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే చాలునన్నారు వైద్యులు. అలాంటివాడు 2018లో స్పెయిన్ క్లబ్బు వియ్యారియల్ తరఫున మైదానంలోకి దిగాడు, 2019లో స్పెయిన్ జట్టులోకి తిరిగొచ్చాడు, 2025లో నలభై ఏళ్ల వయసులో తన సొంత ఊరి జట్టు ఒవియెదోను స్పెయిన్ మొదటి శ్రేణి లీగ్‌లోకి తీసుకొచ్చినవాళ్లలో ఉన్నాడు. కానీ అలాంటి కథ ఒక్కటి మన దాకా వస్తే, మళ్లీ బూట్లు కట్టలేకపోయిన వందల మంది కథలు మన దాకా రావు. మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడాడు. మరుసటి ఏడాదే ప్లూరసీ వల్ల ఆట మానుకోవలసి వచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. పట్టుదల చాలక కాదు, ఊపిరితిత్తులు ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి. తిరిగొచ్చి గౌరవం నిలుపుకున్నవాళ్లను గమనిస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. వాళ్లకు ఆట అవసరమై రాలేదు, జట్టుకు వాళ్లు అవసరమై వచ్చారు. అదీ ఫలానా పనికి, ఫలానా మేరకు. పోలండ్ గోల్‌కీపర్ ష్చెన్స్‌నీని చూడు. 2024 ఆగస్టులో 34 ఏళ్లకు, సరిగ్గా నీ వయసులో, ఆటకు వీడ్కోలు పలికాడు. మరుసటి నెలలోనే బార్సెలోనా గోల్‌కీపర్ టెర్ స్టెగెన్ మోకాలు దెబ్బతింది. పిలిచారు, వెళ్లాడు. వెళ్లీ వెళ్లగానే ఆడించలేదు. మూడు నెలలు బెంచీ మీద కూర్చోబెట్టారు. కిమ్మనలేదు. జనవరిలో అవకాశం వచ్చింది, సీజన్ ముగిసేసరికి స్పెయిన్ లీగూ, కప్పూ రెండూ గెలిచిన జట్టులో ఉన్నాడు. గోల్‌కీపర్ కాబట్టి చెల్లింది, మిడ్‌ఫీల్డర్‌కు చెల్లదంటావేమో. సరే, పాల్ స్కోల్స్ మిడ్‌ఫీల్డరే. 2011 మేలో రిటైరై, మిడ్‌ఫీల్డ్‌లో మనుషులు లేక మాంచెస్టర్ యునైటెడ్ ఇబ్బంది పడుతుంటే 2012 జనవరిలో తిరిగొచ్చాడు. మాంచెస్టర్ సిటీ మీద రెండో సగంలో దిగాడు. అతను తప్పుగా ఇచ్చిన పాస్ నుంచే సిటీ ఆటగాడు అగ్వెరో గోల్ కొట్టాడు. అయినా తడబడలేదు. ఆ తర్వాతి సీజన్‌లో టైటిల్ గెలిచి, అప్పుడు నిజంగా మానేశాడు. టీవీ విశ్లేషణ మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఇంతకంటే మంచి ఉదాహరణ మన ఊరి మనిషి చేతుల మీదుగా జరిగింది. జకార్తాలో థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జట్టు కోచ్, మన హైదరాబాదు రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు, పాత స్థానంలోనూ నిలబెట్టలేదు. సెమీఫైనల్‌లో గోల్స్ కొట్టే ముందువరుసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద మరొకటి కొట్టాడు. మనం 2-1తో గెలిచాం. గాయపడ్డవాడు తిరిగి వచ్చేటప్పుడు పాత కుర్చీయే కావాలని పట్టుబట్టకూడదని నేను మా పిల్లలకు శిక్షణ ఇచ్చినన్నాళ్లూ చెప్పింది ఆ సెమీఫైనల్ చూపించే.

సునీల్ ఛెత్రి సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి, 94 గోల్స్‌తో దేశం తరఫున ఆటకు సెలవు చెప్పాడు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ కప్పు తెచ్చిపెట్టిన మనోలో మార్కెజ్ ఆ తర్వాత జాతీయ జట్టు కోచ్ అయ్యాడు, గోల్స్ కొట్టేవాడు దొరకలేదు. 2025 మార్చిలో నలభై ఏళ్ల ఛెత్రిని వెనక్కు పిలిచాడు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కొట్టాడు కూడా. కానీ అక్టోబరులో మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో ఓడి, ఆసియా కప్ అర్హత పోయింది. తప్పు ఛెత్రిది కాదు. ఏళ్ల తరబడి ముందువరుసలో మనుషుల్ని తయారు చేసుకోని లోటును ఒక్క మనిషితో పూడ్చాలనుకోవడంలోనే తేడా ఉంది. అలాంటి పిలుపులు చూడడానికి గౌరవంగా ఉంటాయి. వాటిలో నువ్వు చేయగలిగిన పని ఎంత, నీ నెత్తిన పెడుతున్న బరువు ఎంత అన్నది వేరుచేసి చూసుకోవాలి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నీకు వచ్చిన ఒప్పందం అచ్చంగా అలాంటిదే. కెప్టెన్సీ ఇస్తామన్నారు, పాత స్థానమే ఇస్తామన్నారు, ప్రతి మ్యాచ్‌లో మొదటి నిమిషం నుంచీ ఉండాలన్నారు. మొన్నటిదాకా లీగ్ పట్టికలో అడుగున ఉన్న జట్టు, సగం మంది ఇరవై రెండేళ్లలోపు పిల్లలు. పైగా ఐజ్వాల్ లాంటి చోట కృత్రిమ పచ్చిక మీద ఆడాలి. ఆ మైదానాల మీద కొత్త మోకాలితో, వారానికి రెండు మ్యాచ్‌లు, తొంభై నిమిషాల చొప్పున! వాళ్లు పిలుస్తున్నది ఇప్పటి నిన్ను కాదు, ఏడేళ్ల కిందటి నిన్ను. అందుకే ఈ ముసాయిదా మీద ఇలాగే సంతకం పెట్టకు. వాళ్లకు జవాబు రాయి. మూడో డిఫెండర్‌గా గానీ, చివరి అరగంటకు గానీ దిగుతాను, పిల్లలకు ప్రాక్టీసులో స్థానం నేర్పుతాను, మొదటి రెండు నెలలు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆడాలన్నది ఫిజియో నిర్ణయిస్తాడు అని. ఆ మోకాలికి మళ్లీ ఏమైనా అయితే చికిత్స ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకో. ఒప్పుకుంటే ఒక్క సీజన్ సంతోషంగా ఆడు. ఒప్పుకోకపోతే ఆ క్లబ్బుకు నీతో పని లేదు, నీ పేరుతోనే పని. అప్పుడు మైకు దగ్గరికి వెళ్లు.

మైకు అంటే ఆటగాడి పింఛను అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అదీ ఒక ఆటే, అందులోనూ బెంచీ ఉంటుంది. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మనది కాదు గానీ ఈ విషయంలో వాళ్ల దగ్గర మంచి పాఠాలు ఉన్నాయి. జేసన్ విటెన్ డల్లాస్ జట్టుకు 15 సీజన్లు ఆడి 2018లో మానేసి, నేరుగా ఈఎస్‌పీఎన్ సోమవారం రాత్రి మ్యాచ్‌ల వ్యాఖ్యాతల గదిలో కూర్చున్నాడు. మాటలు తడబడ్డాయి, జనం ఎగతాళి చేశారు. ఒక్క ఏడాదికే మళ్లీ జట్టులోకి వెళ్లిపోయాడు. అదే జట్టులో అతనితో కలిసి ఆడిన టోనీ రోమో 2016లో వెన్నుపూస విరిగి, తన స్థానం కుర్రవాడికి పోగొట్టుకుని, 2017లో సీబీఎస్‌లో చేరాడు. బంతి కదలక ముందే ఏ ఎత్తు వేయబోతున్నారో చెప్పేవాడు, అది నిజమయ్యేది. ఇద్దరూ ఆటను లోతుగా తెలిసినవాళ్లే. నా లెక్కలో తేడా ఒకటే. రోమోకు తాను లేని మ్యాచ్ చూడడంలో కూడా ఆనందం ఉంది, విటెన్ మనసు ఇంకా గడ్డి మీదే ఉంది. నీ మనసు ఎక్కడుందో నువ్వే చూసుకో. గాయమయ్యాక నువ్వు టీవీలో మీ లీగ్ మ్యాచ్‌లు చూడడం మానేశావని మీ అమ్మ చెప్పింది. అందుకే నీ మనసు సంగతి నాకు కొంచెం అనుమానంగానే ఉంది.

మాంచెస్టర్ యునైటెడ్ డిఫెండర్ గ్యారీ నెవిల్‌నూ చూడు. 2011 ఫిబ్రవరిలో, సీజన్ మధ్యలోనే, ఇక తన కాళ్లు అందుకోవడం లేదని తెలుసుకుని మానేశాడు. స్కై ఛానెల్‌లో బొమ్మలు గీసి, డిఫెండర్ రెండడుగులు ఎందుకు పక్కకు జరగాలో విడమరచి చెప్పే పద్ధతి తెచ్చాడు. 2015 డిసెంబరులో వలెన్సియా కోచ్‌గా వెళ్లి నాలుగు నెలలు నిలవకుండా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మైకు మాత్రం అతన్ని మళ్లీ రానిచ్చింది. కాళ్లకు గడువు ఉంది, గొంతుకు అంత తొందర లేదు. అయినా ఏ కుర్చీ నీ కోసం ఖాళీగా ఉంచుతారనుకోకు.

కాబట్టి తొమ్మిది నెలలు నిండే ఈ రెండు నెలల్లో ఒక పని చెయ్యి. ఏదైనా మ్యాచ్ రికార్డింగు పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసి, తొంభై నిమిషాలు నీ గొంతు రికార్డు చెయ్యి. మధ్యలో ఆపకు. మర్నాడు విను. చూసేవాడికి తెరమీద కనిపిస్తున్నదే నువ్వూ చెబుతుంటే ఆ మాటలన్నీ వృథా. బంతి లేని చోట ఏం జరుగుతోందో, గోల్ పడటానికి రెండు పాస్‌ల ముందు తప్పు ఎవరు చేశారో చెప్పగలిగావా? మౌనంగా ఉండగలిగావా? గోల్ పడ్డాక పది క్షణాలు ప్రేక్షకుల అరుపులు వినిపించనివ్వాలి. స్టూడియోలో కూర్చుని తెర చూస్తూ చెప్పేటప్పుడు మైదానమంతా కనబడదు, కెమెరా చూపించేదే కనబడుతుంది. అదే సమయంలో చెవిలో డైరెక్టరు మాట్లాడుతుంటాడు. నీ మాట వాక్యం మధ్యలో తెగకూడదు. మణిపూర్, మిజోరం పిల్లల పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకో. వాళ్లతో పదేళ్లు ఆడినవాడివి, నువ్వు కూడా తప్పు పలికితే సిగ్గుచేటు. అన్నిటికంటే కష్టమైనది ఇంకొకటుంది. నీ పాత రూమ్‌మేట్ చేసిన పొరపాటుకు పెనాల్టీ పడితే ఆ మాట ప్రత్యక్ష ప్రసారంలో చెప్పగలగాలి. మర్నాడు అతను ఫోను చేస్తాడు. ఆ ఫోను ఎత్తగలవా?

ఈలోగా ఛానెల్ వాళ్లను అతిథి విశ్లేషకుడిగా ఒకటి రెండు మ్యాచ్‌లకు పిలవమని అడుగు. గాయంతో ఉన్న ఆటగాళ్లు అలా కూర్చోవడం కొత్త కాదు. మళ్లీ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లే ఉద్దేశం ఉంటే, అక్కడ పలికిన ప్రతి మాటా నీకంటే ముందే ఆ గదిలోకి చేరుతుందని గుర్తుంచుకో.

డబ్బు గురించి కొంచెం. రెండు పనుల్లో ఒకటి భద్రమైనదని అనుకుంటున్నావు. మన దేశంలో ఆటగాడి జీతమూ, వ్యాఖ్యాత రుసుమూ రెండూ లీగ్ నడిస్తేనే పుడతాయి. ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాణిజ్య హక్కుల కోసం 2010లో కుదుర్చుకున్న 15 ఏళ్ల ఒప్పందం ముగింపుకు రావడంతో 2025 జూలైలో ఐఎస్ఎల్ సీజన్‌నే పక్కన పెట్టారు. ఆటగాళ్లూ, వ్యాఖ్యాతలూ ఇద్దరూ ఒకేసారి ఇంట్లో కూర్చున్నారు. క్రీడల కోటాలో వచ్చిన నీ ఉద్యోగమే నీ కాళ్ల కింది నేల, దాన్ని మాత్రం కదిలించకు. ప్రభుత్వ ఉద్యోగి పారితోషికం తీసుకుని బయట పని చేయాలంటే ముందస్తు అనుమతి కావాలి. ఛానెల్ వాళ్లు అడిగినప్పుడు కాదు, ఇప్పుడే ఆఫీసులో దరఖాస్తు పెట్టు. ఆ ఫైలు ఎన్నాళ్లు తిరుగుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

బలం కొలతలు రాగానే నాకు పంపు, నేను చూసి సర్జన్‌ను అడగాల్సినవి రాసి ఇస్తాను. ఆ తొంభై నిమిషాల రికార్డింగు కూడా పంపు. మీ అత్తయ్యకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇంతవరకూ తెలియదు, ఆమెకు వినిపించి అర్థమైందో లేదో చెబుతాను. క్లబ్బు సెక్రటరీకి మాత్రం ఈ వారంలోనే ఫోను చేసి షరతులు చెప్పెయ్యి. వాళ్లు ఇంకో ఆటగాణ్ని వెతుక్కోవాలంటే వాళ్లకూ సమయం కావాలి కదా.

నీ మామయ్య