ఆ తనిఖీని ముట్టుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కంపైలర్లను (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనాలను) కట్టే పనిముట్ల పెట్టె ఎంఎల్‌ఐఆర్‌లో ఒక టైపు తనిఖీని సడలిస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో, అంత భయమూ వేసింది. రాత్రి నిద్ర పట్టక, తెల్లవారుజామున చెన్నై వేళచ్చేరిలో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ ఆలోచన సరైనదే. ఒక టెన్సర్ (అంకెల పట్టిక) కొలత 4, మరొకదానిది ప్రశ్నార్థకం, అంటే నడిచేటప్పుడే తెలిసేది. కొలతలతో సహా రెండు టైపులూ అచ్చంగా ఒకటే కావాలని పట్టుబడితే టైపులను సరిచూసే వెరిఫైయర్ మంచి ప్రోగ్రామునూ తిప్పికొడుతుంది. పొసుగుతాయా అని అడిగితే చాలు. 4కు ప్రశ్నార్థకం పొసుగుతుంది, 8 పొసగదు. ఆ పని చేసే ఫంక్షన్ అందులోనే ఉంది, కొత్తగా రాయకు. ఒప్పుకోవాల్సినదానికీ తిప్పికొట్టాల్సినదానికీ చెరొక పరీక్ష పెట్టు.

2004లో బెంగళూరులో ఇలాంటి తనిఖీయే అడ్డొస్తోందని ఒక శుక్రవారం సాయంత్రం ఆ వరుసను తీసేశాను. పరీక్షలన్నీ నెగ్గాయి. మూడు వారాలకు లెక్కలు తప్పుతున్నాయని కబురొచ్చింది. కంపైలర్ మాత్రం ఒక్క హెచ్చరికా ఇవ్వలేదు. తర్వాతి ప్యాసు (కంపైలర్ ప్రోగ్రామును మార్చుకుంటూ పోయే దశ) ఒకటి, రెండు కొలతలూ సమానమేనని ఆ తనిఖీ మీద భరోసాతో, మొదటిదాన్నే చూసి చోటు కేటాయించేది. నాలుగింటి చోటులో ఎనిమిది రాసేసి, పక్కనున్న విలువలను చెరిపేసింది. మెమరీ అచ్చు తీసిన కాగితం మీద అయిదో అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది నా పక్కన కూర్చున్న కుర్రవాడు. ఆ రాత్రి అతని కొడుకు మొదటి పుట్టినరోజు. నా తప్పు కోసం ఇంటికి వెళ్లకుండా ఉండిపోయాడు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

‘చిన్న మార్పే, రెండు గంటల పని’ అన్నావట అమ్మతో. ఆ మాట మళ్లీ అనకు. నువ్వు సడలించే తనిఖీని నమ్ముకున్న ప్యాసులన్నీ ముందు వెతుకు. సమానత్వం నిజంగా కావలసిన చోట కాస్ట్ (ఒక టైపును మరోదానిగా మార్చే ఆదేశం) పెట్టు, లేదా అక్కడే తనిఖీ చెయ్యి. నిజం కాకపోతే ప్రోగ్రామును ఆపేసే ఒట్టి అసర్ట్‌ను నమ్ముకోకు, వాడకానికి ఇచ్చే రిలీజ్ బిల్డులో అది మామూలుగా మాయమైపోతుంది.

వేళకు తిను తల్లీ. రాత్రి ఆలస్యమైతే ఒంటరిగా బయలుదేరకు. మార్పు పంపే ముందు ఆ ప్యాసుల జాబితా నాకు ఫోనులో చదివి వినిపించు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న