మూడు జతల మాస్‌ఫెట్లు కాలాయి: మా అబ్బాయి చేత ఈ పని మాన్పించాలా?

ప్రశ్న: నేను కావలిలో మోటార్ల రీవైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ, పాత టీవీలో పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ (ఎల్‌ఓటీ)తో హై వోల్టేజి స్పార్కులు తెప్పించే సర్క్యూట్ చేస్తున్నాడు. 12 వోల్టుల బ్యాటరీ కలపగానే రెండు మాస్‌ఫెట్లలో (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) ఒకటి కాలిపోతోంది, ఇలా ఇప్పటికి మూడు జతలు పోయాయి, చోక్ కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. డయోడ్లు 1ఎన్4007 రకానివి; చోక్‌కు పాత కంప్యూటర్ పవర్ సప్లయిలోని ఆకుపచ్చ రింగు వాడాడు. ఈ పని మాన్పించాలా, లేక దీనికి తగిన చదువు ఏదైనా ఉందా?

జవాబు: మాన్పించవద్దు, కానీ ఎల్‌ఓటీని మాత్రం ఈ రోజే ఊడదీయించండి. దాని నుంచి వచ్చేవి వేల వోల్టులు. తలుపు వేసుకుని ఒంటరిగా చేసే ప్రయోగం కాదది. పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఏదైనా మీ షాపులో ఉంటే అతని చేతికి అందనివ్వకండి. అది సుమారు 2000 వోల్టులతో పాటు ప్రాణం తీసేంత కరెంటు కూడా ఇవ్వగలదు, ఆ ఓవెన్‌లోని కెపాసిటర్ ప్లగ్గు తీశాక కూడా ఛార్జి నిలుపుకోగలదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ మూడు జతల సంగతి. మీ దగ్గరికి కాలిన మోటారు వస్తే విప్పి చూడకుండా కొత్త వైరు చుట్టరు కదా! స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల చుట్లు నల్లబడి, మూడోది మెరుస్తూ ఉంటే ఒక ఫేజు పోయిందని గ్రహించి, స్టార్టరూ ఫ్యూజులూ సరిచేయకుండా మోటారు తిరిగి బిగించవద్దని రైతుకు చెబుతారు. మీ అబ్బాయి మాత్రం కాలిన మాస్‌ఫెట్‌ను తీసి, కారణం వెతకకుండా కొత్తది పెడుతున్నాడు. మీకు చేతనైన ఆ పరిశీలననే అతనికి నేర్పండి.

మీరు రాసిన వివరాలను బట్టి నా మొదటి అనుమానం డయోడ్ల మీదే. ఈ రకం సర్క్యూట్‌లో 12 వోల్టులు ఇస్తే మాస్‌ఫెట్‌లో కరెంటు లోపలికి వచ్చే కాలు, అంటే డ్రెయిన్ దగ్గర సుమారు 38 వోల్టుల వరకు లేస్తుంది. దాన్ని ఆన్, ఆఫ్ చేసే కాలైన గేటు సాధారణంగా 20 వోల్టులకు మించి తట్టుకోదు. ఆ రెంటి మధ్య అడ్డుగా ఉండే డయోడ్ సెకనులో కొన్ని పదుల వేలసార్లు మూసుకోవాలి. 1ఎన్4007 యాభై హెర్ట్జ్‌ల కరెంటు కోసం చేసిన నిదానమైన డయోడ్ కాబట్టి, మూసుకునేలోపు ఎక్కువ వోల్టేజిని గేటు మీదికి వదిలేస్తుంది. దాని బదులు యూఎఫ్4007 వేయాలి. రెండో అనుమానం రింగు మీద. గ్యాపు లేని ఫెర్రైట్ రింగు కొద్ది ఆంపియర్లకే సాచురేట్ అవుతుంది, అప్పటి నుంచి కాయిల్ కరెంటును అడ్డుకోలేదు. వరుసలో 0.1 ఓం రెసిస్టర్ పెట్టి, వోల్టేజి మార్పును గీతగా చూపించే ఆసిలోస్కోప్‌లో చూస్తే, వాలుగా పెరిగే గీత చివర్లో ఒక్కసారిగా నిటారుగా లేవడం కనిపిస్తుంది. మూడోది, బ్యాటరీ వైర్లు సన్నగా ఉంటే ఆరంభంలో వోల్టేజి పడిపోయి రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి ఆన్ అవుతాయి. ఆ పైన ఒకటి కాలక తప్పదు.

ఎల్‌ఓటీ బదులు మందపాటి కాపర్ వైరుతో మామూలు కాయిల్ చుట్టి పెట్టినా ఈ లోపాలన్నీ బయటపడతాయి, వేల వోల్టుల ప్రమాదం ఉండదు. బ్యాటరీ వైరులో ఫ్యూజు తప్పనిసరి. అది మాస్‌ఫెట్‌ను కాపాడకపోవచ్చు గానీ, వైర్లు అంటుకోకుండా చూస్తుంది. కాలిన భాగాలను పారేయకుండా నోటుబుక్కులో అతికించి, మల్టీమీటర్‌తో డ్రెయిన్–సోర్స్, గేటు–సోర్స్ మధ్య షార్ట్ ఉందా అన్నదీ, గేటు వోల్టేజి హద్దు మీరకుండా చూసే జీనర్ డయోడ్ బాగుందా అన్నదీ, ఆ పూట ఏం మార్చాడన్నదీ పక్కనే రాయమనండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే ఆ నోటుబుక్కు గురించే నేను ఎక్కువ ప్రశ్నలు అడుగుతాను.

చదువు విషయానికి వస్తే, ఈ ఆసక్తికి ఈఏపీసెట్ తర్వాత నా మొదటి ఎంపిక ఈఈఈ, ఈసీఈ ఆ తర్వాతిది. పవర్ ఎలక్ట్రానిక్స్, మోటార్లు రెండూ లోతుగా చెప్పేది ఈఈఈలోనే. సోలార్ ఇన్వర్టర్లు, విద్యుత్ వాహనాల ఛార్జర్లు, మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవులు అన్నీ అతను ఇప్పుడు కాలుస్తున్న మాస్‌ఫెట్, చోక్‌ల మీదే నడిచేవి. చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీల్లో అయినా, కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రంలో అయినా డ్రైవు ఎందుకు ఆగిందో కనిపెట్టగలిగే మనిషికి విలువ ఉంటుంది. ఇంకా పైకి చదవాలనుకుంటే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలో పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్ ఎంటెక్ చేయవచ్చు.

కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూపించమని అడగండి. ఆసిలోస్కోపులు ఎన్ని ఉన్నాయో, విద్యార్థులు వాటిని స్వయంగా వాడుతున్నారో లేదో అక్కడున్న మూడో సంవత్సరం పిల్లలనే అడిగి తెలుసుకోండి.