కుర్చీ రోజులకు కోత పెట్టండి, సూది రోజులకు కాదు

ప్రశ్న: డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదివి, రాయగడలోని ఒక రక్త సేకరణ కేంద్రంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మేము తీసిన శాంపిళ్లు చాలావరకు విశాఖపట్నం ల్యాబుకు వెళ్తాయి. కొత్తగా చేరేవారికి ఇచ్చే మూడు వారాల శిక్షణను వారానికి కుదించి, నన్నే నేర్పమని యజమాని అంటున్నారు. జీతం మాత్రం పెంచరట. ఇది నా కెరీర్‌కు ఉపయోగపడుతుందా, లేక వట్టి చాకిరీయేనా?

జవాబు: ఒప్పుకోండమ్మా. వారం అన్న మాటకు మాత్రం ఒప్పుకోవద్దు.

ఆ మూడు వారాల్లో నిజంగా ఏం జరుగుతోందో ముందు ఒక కాగితం మీద రాయండి. నేను చూసిన చాలాచోట్ల కొత్తవారు మొదటి వారమంతా ఒక మూల కుర్చీలో కూర్చుని పుస్తకం తిరగేస్తారు. పదో రోజున ఎవరో సెలవు పెడతారు, వీరి చేతికి సూది వస్తుంది, పక్కన ఎవరూ ఉండరు. ఒకసారి అలాంటి కుర్రాడే రక్తం తీయడానికి నా చేతికి పట్టీ బిగించి, దూది కోసం పక్కగదికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి నా వేళ్లు తిమ్మిరెక్కాయి. పట్టీ నిమిషం మించి ఉండకూడదని అతనికి తెలుసు. పళ్లెం ముందే సర్దుకోవాలన్నదే ఎవరూ చేసి చూపించలేదు.

ట్యూబుల్లో రక్తం నింపే వరుసకు ఒక పూట చాలు, కారణంతో కలిపి చెబితే. లేత నీలం మూత, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివరకు బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ పొటాషియం లవణం. దాని చుక్క మరో ట్యూబులో కలిస్తే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా తప్పుడు ఫలితం వస్తుంది. రంగులు బట్టీ పట్టినవారు రద్దీలో తడబడతారు కానీ, ఈ సంగతి విన్నవారు తడబడరు. ఊదా ట్యూబును ఎనిమిది, పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలే తప్ప కుదపకూడదు. రక్తకణాలు ఇక్కడ చితికితే ఆ సంగతి విశాఖలో బయటపడుతుంది. అప్పటికి కాశీపూర్ నుంచి వచ్చిన మనిషి బస్సెక్కి వెళ్లిపోయి ఉంటాడు.

సమయం పెట్టాల్సింది పేరు అడగడం దగ్గర. మీ ఊళ్లో తెలుగు, ఒడియా, కుయి మూడూ వినిపిస్తాయి. "మీరు ఫలానా కదా?" అంటే భాష తెలియని ముసలమ్మ మర్యాదకు తల ఊపేస్తుంది. పేరు మనం అందించకూడదు, ఆమె నోటే చెప్పించి, వయసుతోను, చీటీ మీది నంబరుతోను సరిచూడాలి. రక్తం తీశాక, ఆమె ఎదుటే లేబుల్ అంటించాలి. ఇది పుస్తకంలో రాదు, కౌంటరు దగ్గర నిలబడితేనే వస్తుంది.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా నేరుగా గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయడం మొదటి రోజు పాఠం. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారికి తొలి డోసు కూడా అప్పుడే. మిగతావి నెలకు, ఆరు నెలలకు. గుచ్చుకుంటే కడుక్కుని వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. తిట్లకు భయపడి దాచే పిల్లలున్నారు. వారిని తిట్టబోమని మీరే ముందు చెప్పండి.

యజమానితో రోజుల బేరం పెట్టుకోకండి. ఒకరి పర్యవేక్షణలో ఇన్ని శాంపిళ్లు సరిగా తీసినవారినే ఒంటరిగా వదులుతామని, ఆ సంఖ్యను మీ ల్యాబు డాక్టరుతో నిర్ణయించండి. చురుకైనవారు పది రోజుల్లో ముగిస్తారు, చెయ్యి వణికేవారికి నెల పట్టవచ్చు. మళ్లీ తీయాల్సి వచ్చిన శాంపిళ్ల లెక్క ఈ నెల నుంచే రాసిపెట్టండి.

ఇక మీ సంగతి. ల్యాబుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపుకు ఆధారమైన ఐఎస్ఓ 15189 ప్రమాణం సిబ్బంది సామర్థ్యాన్ని పరీక్షించి, నమోదు చేయాలంటుంది. ఆ నమోదు చేయగలవారు పెద్ద ల్యాబుల్లో నాణ్యత విభాగం వైపు వెళ్లగలరు. వీలైతే డిగ్రీ కూడా పూర్తి చేయండి. శిక్షణ బాధ్యురాలు అని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పుడే అడగండి. జీతం మాట మూడు నెలలు ఆగి, ఆ శాంపిళ్ల పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్లి ఎత్తండి.