పీహెచ్‌డీ సీటు జవాబు కోసం ఎదురుచూస్తున్నవారికి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సార్‌కు నమస్కారాలు. నేను రెండేళ్ల కిందట ఎంఏ ఇంగ్లిష్ పూర్తిచేసి, హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెబుతున్నాను. మొన్న డిసెంబరులో అమెరికాలోని ఏడు విశ్వవిద్యాలయాలకు ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ కోసం దరఖాస్తు పెట్టాను. ఇప్పుడు మార్చి మొదటివారం. రెండు చోట్ల సీటు రాలేదని తెలిసింది, ఒకరు వెయిట్‌లిస్టులో పెట్టారు, మిగిలిన నాలుగింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. రాత్రి రెండు గంటలకు కూడా లేచి ఫోన్ చూసుకుంటున్నాను. మా బాపు ఏమీ అడగడు గానీ, పొద్దున చాయ్ తాగేటప్పుడు నా ముఖంలోకి చూస్తాడు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదవడమే నాకు అడ్డయిందా? నేనే వాళ్లకు రాసి అడగవచ్చా? వచ్చే ఏడాది కొనసాగుతానో లేదో కళాశాలకు ఈ నెలలోనే చెప్పాలి. దరఖాస్తుతో పంపిన వ్యాసాన్ని (రైటింగ్ శాంపిల్) కూడా జతచేస్తున్నాను, వీలైతే చదవగలరు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ రాత్రి రెండు గంటల సంగతి చూద్దామమ్మా. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదింటికి ఆఫీసు తెరిచేసరికి మనకు రాత్రి ఏడున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారాలను గంట ముందుకు జరుపుతారు కనుక ఆ తర్వాత ఆరున్నరే. పశ్చిమ తీరంలోని ఆఫీసులు మూతపడే వేళకు మనకు తెల్లవారుతుంది. అంటే వాళ్లు పంపదలచుకున్న జవాబు ఏదైనా మనకు సాయంత్రానికీ తెల్లవారడానికీ మధ్యే వస్తుంది, పొద్దున ఏడు గంటలకు ఒక్కసారి చూస్తే ఆ రోజుకు అంతే. ఆదివారం, సోమవారం పొద్దున ఆ పని కూడా అక్కర్లేదు. ఇది చిన్న విషయంలా కనిపించినా, ఏప్రిల్ దాకా నిద్ర లేకుండా పాఠాలు చెప్పడం మీవల్ల కాదు కాబట్టే మొదట చెబుతున్నాను.

ఆ నాలుగు చోట్ల నుంచి జవాబు రాకపోవడానికి కారణం చాలావరకు ఆఫీసు పని నడిచే పద్ధతి. దరఖాస్తులను చదివేది ఆ శాఖలోని అధ్యాపకులే. తరగతులు చెప్పుకుంటూ, వందల కొద్దీ దరఖాస్తుల్లోంచి చాలాచోట్ల పది పదిహేను మందికి మించని జాబితా తయారుచేస్తారు. దాన్ని పీజీ, పీహెచ్‌డీ చదువుల వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ స్కూల్ ఆమోదించాలి. మొదటి జాబితావారికి ముందుగా కబురు వెళుతుంది, మిగిలినవారికి తరచుగా చివరన అందరికీ ఒకేసారి పంపిస్తారు. కాబట్టి మార్చి మొదటివారంలో మౌనంగా ఉన్న శాఖ నుంచి మంచి కబురు వచ్చే అవకాశం కొంత తగ్గిందనే అనుకోవాలి. మీకు ఉత్తుత్తి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే దానివల్ల మీ రాత తక్కువదని తేలిపోదు. 2024 చివర్లో బోస్టన్ యూనివర్సిటీ ఇంగ్లిష్‌తో సహా పలు హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ శాఖల్లో మరుసటి ఏడాదికి కొత్త పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకోబోమని ప్రకటించింది. ప్రతి విద్యార్థికి అయిదేళ్లో ఆరేళ్లో ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, పైగా స్టైపెండ్ ఇవ్వాలి గనుక, డబ్బు బిగుసుకున్న ఏడాది సీట్లు తగ్గిపోతాయి. ఎంత మంచి దరఖాస్తయినా లేని సీటును తేలేదు.

వెయిట్‌లిస్టు మాత్రం బతికి ఉన్న సంగతి. అక్కడ ఫెలోషిప్‌తో సీటు వచ్చినవారికి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే గడువు ఉండాలని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ఉంది, చాలా విశ్వవిద్యాలయాలు దానిపై సంతకం చేశాయి. రెండు మూడు సీట్లు చేతిలో పెట్టుకున్నవారు చివరి వారంలోనే మిగతావి వదులుకుంటారు. అందువల్ల వెయిట్‌లిస్టులో కదలిక వస్తే ఏప్రిల్ రెండో వారంలోనే ఎక్కువగా వస్తుంది, ఒక్కోసారి 15వ తేదీ నాడే. ఆ శాఖలో గ్రాడ్యుయేట్ స్టడీస్ డైరెక్టరుకు మీరు ఒక మెయిల్ రాయవచ్చు, రాయాలి కూడా. ఎనిమిది పది వాక్యాలు చాలు. దరఖాస్తు పెట్టిన తర్వాత జరిగిన కొత్త విషయం ఏదైనా ఉంటే చెప్పండి, ఆ శాఖలో ఎవరి పనితో మీ ప్రశ్నకు సంబంధం ఉందో చెప్పండి, సీటు ఇస్తే తప్పక చేరతానన్నది నిజమైతేనే ఆ మాట రాయండి. మళ్లీ మళ్లీ రాయడం, అధ్యాపకులకు విడివిడిగా మెయిళ్లు పంపడం వద్దు. మౌనంగా ఉన్న నాలుగింటికి మార్చి నెలాఖరు దాటాక రెండు వాక్యాలు రాసి అడిగితే సరిపోతుంది.

ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయం మాట. దానిమీద బాధ పెట్టుకోకండి, మీ రైటింగ్ శాంపిల్ చదివాకే ఈ మాట అంటున్నాను. ఇరవై రెండు పేజీల్లో మొదటి ఆరు పేజీలు అనువాద సిద్ధాంతాల చరిత్ర. శ్రద్ధగానే రాశారు, కానీ అది ఎవరైనా రాయగలిగిన చరిత్ర. ఏడో పేజీలో ఒక తెలంగాణ కథ ఇంగ్లిష్ అనువాదం గురించి మొదలుపెట్టారు. చేనులో పని చేస్తున్న కొడుక్కు గటక తెచ్చిన ‘అవ్వ’ను అనువాదకుడు నాయనమ్మగా మార్చేశాడని, మన పల్లెల్లో అవ్వ అంటే కన్నతల్లి అని తెలియకపోవడంతో కథలో ఒక తరమే తారుమారైందని చూపించారు. అక్కడ నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. రాయలసీమలో నాయనమ్మకో అమ్మమ్మకో చెల్లే మాట ఇక్కడ తల్లికి చెల్లుతుందన్నది మీకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఇంట్లో విన్నారు. మీ వ్యాసం అక్కడ మొదలుకావాలి. దరఖాస్తులు చదివేవారు రోజుకు ఎన్నో వ్యాసాలు తిరగేస్తారు, ఏడో పేజీ దాకా వచ్చేంత ఓపిక అందరికీ ఉండదు. ఏం పరిశోధించాలనుకుంటున్నారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో కూడా చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే మక్కువ అన్న మొదటి పేరా తీసేసి, బంధుత్వ పదాలు ఇంగ్లిష్‌లోకి పోయినప్పుడు కథలోని కుటుంబం ఎలా మారిపోతుందన్న ప్రశ్నను పెట్టండి. మూడు రికమండేషన్ లెటర్లలో కనీసం ఒకటి ఈ ఏడో పేజీ చదివిన గురువు రాసినదై ఉండాలి. కష్టపడే విద్యార్థిని, ఫస్ట్ క్లాసులో పాసైంది అన్నంత మాత్రాన అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ఏడాది సీటు రాకపోతే వచ్చే డిసెంబరుకు ఇవన్నీ పనికొస్తాయి.

ఒక్క విషయంలో గట్టిగా చెబుతున్నాను. పీహెచ్‌డీ సీటు ఇవ్వలేక, బదులుగా ఫీజు కట్టి ఎంఏ చేయమని కొన్ని చోట్ల అడుగుతారు. ఆ కాగితం కూడా అభినందనలతోనే మొదలవుతుంది. సాహిత్యంలో రెండో ఎంఏ కోసం బాపు చేత భూమి కుదువ పెట్టించకండి.

కళాశాలకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏప్రిల్ 15 దాటాక ఖాయంగా చెబుతానని ప్రిన్సిపాల్‌ను అడిగితే నెల రోజుల గడువు దొరకవచ్చు. దొరకకపోతే కొనసాగుతాననే చెప్పి, సీటు వస్తే జులై చివర వెళ్లవలసి ఉంటుందని అప్పుడే తెలియజేయండి. బాపుకు కూడా ఈ ఏప్రిల్ 15 లెక్క చెప్పండి. 1986లో నేను ఇలాగే ఒక ఎయిర్‌మెయిల్ కవరు కోసం ఎదురుచూస్తూ, పోస్ట్‌మన్ సైకిల్ బెల్లు వినపడగానే గడప దాటి వచ్చేవాణ్ణి. ఒక విశ్వవిద్యాలయం జవాబు అక్టోబరులో, అక్కడ తరగతులు మొదలైన రెండు నెలలకు వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ ఏ తేదీ దాకా చూడాలో నాకూ తెలియదు, మా ఇంట్లోవాళ్లకూ తెలియదు. మీ ఇంట్లో తేదీ తెలిస్తే పొద్దున చాయ్ దగ్గర ఆ బరువు కొంత తగ్గుతుంది.

ప్రశ్న: అధ్యాపక, పరిశోధన అర్హతల కోసం పెట్టే యూజీసీ నెట్ పరీక్షలో, ఇంగ్లిష్ సబ్జెక్టులో నాకు ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అర్హత వచ్చింది. దీనితో ఫెలోషిప్ వస్తుందా? హైదరాబాద్‌లో చేరాలని ఉంది. ఇంటర్వ్యూకు ఎలా తయారుకావాలి?
— ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు విభాగాలుగా ఇస్తున్నారు. మీది మూడోది. నెలకు 37,000 రూపాయల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) దీనితో రాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఉంటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) రెండూ కేంద్రీయ విశ్వవిద్యాలయాలే. మీ స్కోరు ఒక ఏడాదే చెల్లుతుంది కనుక నోటిఫికేషన్ల తేదీలను రాసి పెట్టుకోండి. వయోపరిమితి దాటకపోతే జేఆర్‌ఎఫ్ కోసం మళ్లీ నెట్ రాయమనే నా సలహా.

ప్రవేశానికి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ 30 శాతం దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు, ఎవరికి చూపించబోతున్నామో చూసుకోకుండా సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసుకుని పోవడం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. మీకు నచ్చిన అంశంలో పనిచేసే ప్రొఫెసర్ అక్కడే ఉన్నా, వారి దగ్గర ఖాళీ లేకపోతే మీ సినాప్సిస్ వృథా అవుతుంది. కాబట్టి ఒక పొద్దున జమ్మికుంటలో రైలెక్కి వెళ్లి, ఆ శాఖలో ఇప్పటికే పరిశోధన చేస్తున్నవారిని కలిసి, ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలు ఉన్నాయో, ఎవరు రిటైర్ కాబోతున్నారో తెలుసుకోండి. ఆ తర్వాతే సినాప్సిస్ రాయడం మొదలుపెట్టండి.