కాల్ స్క్రీన్ మారితే పెద్దాయనది తప్పెట్లయితది?

అన్నా, అప్‌డేట్ అయినంక మీ నాయినకు ఫోన్ ఎత్తరాక మిర్యాలగూడ మిల్లు నుంచి వడ్ల పైసల కోసం చేసిన కాల్ కట్టయింది, ఇంట్ల అందరు "నువ్వే ఏందో నొక్కినవ్" అంటున్నరని రాసినవ్ గదా, ఆయన ఏం నొక్కలే. 2025 ఆగస్టుల గూగుల్ ఫోన్ యాప్ ఉన్న చానా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల కాల్ స్క్రీన్ దానంతటదే మారింది, ఇంతకుముందు మీదికి గుంజితే లేస్తుండె, ఇప్పుడు పక్కకు గుంజాలె, ఎడమకు పోతే కట్టయితది. ఏండ్ల సంది మీదికి గుంజిన వేలుకు ఈ సంగతి ఎవలు చెప్పాలె? చేసినోళ్లే చెప్పాలె, నా లెక్కల తప్పు వాళ్లదే.

ఫోన్ యాప్ తెరువు, మూడు గీతలు నొక్కి సెట్టింగ్స్‌లకు పో, ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్ అని ఉంటది, అండ్ల సింగిల్ ట్యాప్ పెట్టు, ఇగ గుంజుడే ఉండదు, బటన్ నొక్కుడే. అయినా పాతదే గావాలంటే యాప్ ఇన్ఫోల అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ కొట్టి, ప్లే స్టోర్ల ఆ ఒక్క యాప్‌కే మూడు చుక్కల కాడ ఆటో అప్‌డేట్ టిక్ తియ్యి. అన్నిటికి తియ్యకు, బ్యాంకు యాప్‌లకు సెక్యూరిటీ అప్‌డేట్లు రావాలె. మార్చినంక నీ ఫోన్‌తోటి నాలుగైదుసార్లు కాల్ చేసి ఆయనతోనే ఎత్తియ్యి.