సెల్ఫ్ కొడితే టక్ టక్ మంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. వారం రోజులు బయటికి తీయలేదు. పొద్దున తాళం తిప్పితే టక్ టక్ టక్ మనడమే తప్ప ఇంజన్ తిరగలేదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ గడువు అయిపోయింది, మళ్లీ కట్టలేదు. పక్కింటివాళ్లకు కారుంది, జంపర్ కేబుళ్లు (ఒక కారు బ్యాటరీ నుంచి ఇంకో కారుకు కరెంటు ఇచ్చే వైర్లు) కూడా ఉన్నాయి. కానీ తప్పుగా తగిలిస్తే బ్యాటరీ పేలుతుందని ఎవరో అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నిజంగా పేలుతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: పేలే మాట నిజమేనమ్మా. అయితే ఎందుకు పేలుతుందో తెలిస్తే ఈ పని మీరే చేసుకోవచ్చు. కార్ల వైరింగ్, బ్యాటరీలు నా రోజువారీ పని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

కేబుళ్లు తీసే ముందు జబ్బు బ్యాటరీదేనా అన్నది తేల్చుకోండి. హెడ్‌లైట్లు వేసి ఒకసారి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా డల్ అయిపోయి, టక్ టక్ మని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జ్ లేదు, లేదా టెర్మినళ్లు (బ్యాటరీ మీద వైర్లు బిగించే ప్లస్, మైనస్ మొనలు) సరిగా పట్టుకోలేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, ఒక్కసారి టక్ మని ఊరుకుంటే మాత్రం సెల్ఫ్ మోటార్ వైపు చూడాలి. అప్పుడు ఎన్ని కేబుళ్లు తగిలించినా లాభం లేదు.

తర్వాత బానెట్ ఎత్తి, టెర్మినల్ క్లాంపులను ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి. కొంచెం కదిలినా అది లూజే. తెల్లగానో, నీలం కలిసిన ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే కరెంటు సరిగా పారదు. బ్యాటరీ చచ్చిపోయిందని నా దగ్గరికి తెచ్చిన కార్లలో చాలావాటికి ఈ పొడి తుడిచి, నట్టు బిగిస్తే సరిపోయింది. కొత్త బ్యాటరీ కొనే ముందు దయచేసి ఇది చూడండి. అన్ని స్విచ్‌లూ ఆపి, ముందు మైనస్ క్లాంపు విప్పండి. మైనస్ ఉండగా ప్లస్ విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతాయి. గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి ఆరబెట్టండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, తర్వాత మైనస్. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, లోపలున్నది యాసిడ్.

ఇక మీ భయం సంగతి. చార్జ్ ఎక్కేటప్పుడు యాసిడ్‌లోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికి వస్తాయి. ఆ గాలి బ్యాటరీ మీదే తేలుతుంటుంది. చిట్టచివరి క్లిప్పు తగిలించేటప్పుడే సర్క్యూట్ పూర్తయి చిన్న నిప్పురవ్వ వస్తుంది. అది ఆ గాలికి అంటుకుంటే పేలుడే. కాబట్టి ఆ చివరి క్లిప్పును బ్యాటరీ దగ్గర పెట్టకూడదు. జాగ్రత్త అంతా ఇక్కడే ఉంది.

రెండు కార్లూ 12 వోల్టులవేనా చూసుకోండి. లారీల్లో చాలావరకు 24 వోల్టుల కరెంటు ఉంటుంది, వాటి జోలికి వెళ్లవద్దు. పక్కింటివాళ్లది హైబ్రిడ్ అయితే, ఇంకో కారుకు కరెంటు ఇవ్వొచ్చో లేదో దాని మాన్యువల్‌లో చూడాలి. కార్లు ఒకదానికొకటి తగలకూడదు. రెండూ ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచండి. ఎర్ర క్లిప్పు ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, రెండో ఎర్రది వాళ్ల ప్లస్‌కు. నల్లది వాళ్ల మైనస్‌కు. మిగిలిన నల్ల క్లిప్పును మీ ఇంజన్ మీద, బ్యాటరీకి దూరంగా, పెయింట్ లేని గట్టి ఇనుప భాగానికి తగిలించండి. కొన్ని కార్లలో దీనికోసం విడిగా ఎర్త్ బోల్టు ఇస్తారు. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కారుతున్నా, కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా మాత్రం అసలు తగిలించవద్దు.

వాళ్ల ఇంజన్ స్టార్ట్ చేసి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. ఆ తర్వాత మీది కొట్టండి, ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించకుండా. మధ్యలో కాస్త గ్యాప్ ఇవ్వకపోతే సెల్ఫ్ మోటార్ వేడెక్కిపోతుంది. స్టార్ట్ అయ్యాక తగిలించిన వరసకు సరిగ్గా తిరగేసి క్లిప్పులు తీయండి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు పీకి డైనమో పనిచేస్తోందో లేదో చూడమని ఎవరైనా చెబితే, వద్దని గట్టిగా చెప్పండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిసి కారు కంప్యూటర్ కాలిపోవచ్చు. బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెడితే చాలు. ఇంజన్ ఆన్‌లో చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి.

అరగంట తిప్పితే బ్యాటరీ నిండిపోతుందని చాలామంది నమ్మకం. నిండదు. పూర్తిగా దిగిన బ్యాటరీకి చార్జర్ పెట్టాలి. 45 యాంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీకి 4, 5 యాంపియర్ల చొప్పున రాత్రంతా ఎక్కించడం మేలు. చార్జర్ తీసేసి కొన్ని గంటలయ్యాక చూస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం.

ప్రశ్న: దగ్గరలో వేరే కారు లేకపోతే తోసి స్టార్ట్ చేయొచ్చా?

జవాబు: ఆటోమేటిక్ అయితే కుదరదు. మాన్యువల్ అయితే తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచి తోయించండి. వేగం రాగానే క్లచ్ వదలాలి. ఇంజన్ ఆగి ఉన్నంతసేపు బ్రేకు, స్టీరింగ్ చాలా బరువుగా ఉంటాయి కాబట్టి వాహనాలు తిరిగే చోట, వాలులో వద్దు. డ్యాష్‌బోర్డులో ఒక్క లైటు కూడా వెలగనంతగా బ్యాటరీ చచ్చిపోతే తోసినా ఫలితం ఉండదు. పదేపదే తోస్తే మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని పాడుచేస్తుంది. ఒంటరిగా దూరాలు వెళ్లేవారు వేరే కారు లేకుండానే స్టార్ట్ చేయించే చిన్న లిథియం జంప్ స్టార్టర్ కొనుక్కుంటే మంచిది. దాన్నీ అప్పుడప్పుడు చార్జ్ చేయాలి, ఎండలో కారులో వదిలేయకూడదు.

ప్రశ్న: బ్యాటరీ కొత్తదే. అయినా నాలుగు రోజులు కారు ఆపితే డౌన్ అయిపోతోంది.

జవాబు: ఏదో ఒకటి లోపల కరెంటు తాగుతోంది. ఆపి ఉంచిన కారు మామూలుగా 50 మిల్లీ యాంపియర్ల లోపే వాడుకుంటుంది. ఆ లెక్కన రోజుకు 1.2 యాంపియర్ అవర్, కాబట్టి 45 యాంపియర్ అవర్ బ్యాటరీ కొన్ని వారాలు రావాలి. నాలుగు రోజుల్లోనే ఖాళీ అవుతోందంటే దాదాపు అర యాంపియర్ పోతోంది. డిక్కీలో ఉండే 5 వాట్ల బల్బు ఒక్కటి ఆరకుండా ఉంటే ఇంచుమించు అంతే తాగుతుంది! ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూసేయండి, బల్బు ఆరుతోందో లేదో అదే చెబుతుంది. తర్వాత డ్యాష్‌క్యామ్ వైరు పీకి చూడండి. ఈ రెండూ కాకపోతే ఎలక్ట్రీషియన్‌తో మైనస్ వైరు విప్పించి, దానికీ బ్యాటరీకీ మధ్యలో మీటర్ పెట్టించి, కంప్యూటర్లు నిద్రపోయేదాకా ఓ అరగంట ఆగి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీయించండి. ఏ ఫ్యూజు తీస్తే మీటర్ పడిపోతుందో దొంగ ఆ లైనులోనే ఉన్నాడు.